సముద్రం నలభై నిమిషాలు ఆలస్యం

గట్టు పండగ తర్వాత మూడో రోజు

సమయం: గోడ గడియారం ప్రకారం పదిన్నర. ఎండ ప్రకారం ఇంకా పది కాలేదు. నా కడుపు ప్రకారం భోజనాల వేళ దాటి చాలాసేపయింది.

లాకు దినచర్య పుస్తకంలో మొదటి పంక్తి సమయంతోనే మొదలవ్వాలని కాలశాఖ నియమం. అందుకని మూడూ రాశాను. నచ్చింది ఏరుకోవలసిందిగా పైఅధికారులకు సవినయంగా మనవి.

రాస్తున్నది కాలసహాయకుడు తాతాజీ, వయసు ఇరవై మూడు. ఈ పేరునీ ఈ వయసునీ పక్కపక్కన చూసి నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, ముందు ముందు అంతా బాధే.

పొద్దున్నే లేచి గడియారాన్ని పొడిగుడ్డతో తుడిచాను. లాకు తలుపు గొలుసుకి గ్రీజు రాశాను. తలుపుకి పట్టిన నత్తగుల్లలు గీకాను. ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ చదివినవాడికి తేలూరులో ఇంతకన్నా మర్యాదైన పని లేదు. ఊరంతా పీపాల మీద తేలుతుంది, చుట్టూ రాతిగట్టు, గట్టుకి ఒక్కటే తలుపు. బయట సముద్రపు నీళ్లు, లోపల మా నీళ్లు ఒకే మట్టానికి వచ్చిన వేళ తలుపు తెరుచుకోవాలి, కాసేపటికి మూసుకోవాలి. ఆ పని మనుషులకి వదల్లేదు. తలుపు మోటారుని గడియారానికి తగిలించారు. గడియారం దక్షిణపు దీవి మీదున్న రేడియో స్తంభం నుంచి వేళ తెలుసుకుంటుంది. పూర్వం ఆకాశంలోంచే ఫోన్లలోకి టైము దిగేదని మా అమ్మమ్మ అంటుంది. పెద్దావిడ కదా అని ఊరుకుంటాను.

ఇవాళ తలుపు తెరుచుకునేసరికి బయట నీళ్లు మోకాలెత్తు ఎక్కువగా ఉన్నాయి. ఒక్కసారిగా లోపలికి దూకాయి. రేవులో పడవలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆఫీసులో చిల్లర పనులు చూసే లస్కరు పోలయ్య బాబాయ్ టీ గ్లాసుతో సహా నీళ్లలో పడి, గ్లాసుతో సహా పైకి తేలాడు. తర్వాత తలుపు మూసుకుంది. మూసుకున్నాక చాలాసేపటికి, సముద్రం నున్నగా పళ్లెంలా పరుచుకున్న వేళకి, నూకరత్నం అత్త లాంచీ వచ్చింది.

నూకరత్నం అత్త లాంచీ నడుపుకుంటూ ఒడ్డు నుంచి ఊరికి పాలు తెచ్చే సరంగు. నాకు చుట్టం కాదు. ఊళ్లో అందరికీ అత్తే, ఎందుకంటే అందరినీ అత్తలాగే తిడుతుంది.

"ఒరేయ్ తాతాజీ! తలుపు తియ్యరా! పాలు ఇరిగిపోతన్నాయి!"

"అత్తా, తలుపు ఇందాకే మూసుకుంది. నువ్వు నలభై నిమిషాలు ఆలస్యం."

"ఎవర్రా ఆలస్యం? నా పెళ్లికి పెళ్లికొడుకు ఆలస్యంగా వచ్చాడు గానీ నేను కాదు!"

"గడియారం అలా చెబుతోంది మరి."

"అయితే ఆ గడియారాన్నే పిలు, వచ్చి పాలు కాసుకోమను!"

ఇక్కణ్ణుంచి సాయంత్రం రాస్తున్నది: మళ్లీ తలుపు తెరుచుకునే వేళకి పాలు విరిగిపోయాయి. పసిపిల్లలున్న ఇళ్లలో ఏడుపులు, పెద్దవాళ్లున్న ఇళ్లలో తిట్లు. నూకరత్నం అత్త పేర రెండో ఆలస్యం పడింది. మూడు పడితే సరంగు చీటీ రద్దు, లాంచీ ఇంకొకరికి పోతుంది. ఇక నీళ్లు మోకాలెత్తు ఎందుకు దూకాయన్న దానికి కాలశాఖ సూపరింటెండెంటు పేర్రాజు గారు దినచర్యలో స్వహస్తాలతో వివరణ రాశారు: "సముద్రం నలభై నిమిషాలు ఆలస్యం."

ఇలాగే రాశారు. నేను ఒక్క అక్షరం కల్పించలేదు. ఇలాంటివి కల్పించేంత ప్రతిభ నాకుంటే నత్తగుల్లలు ఎందుకు గీకుతాను?

పండగ తర్వాత అయిదో రోజు

సమయం: తెలియదు. ఇది అవిధేయత కాదు, నిజాయితీ.

పేర్రాజు గారి గదికి వెళ్లాను. చెప్పులు బయట విడవాలి. ఆయన కోసం కాదు, గడియారం కోసం. పళ్లెం అంత వెడల్పు, బియ్యపు మూటంత బరువు, మొహం నిండా ఎర్ర అంకెలు. తూర్పు గోడకి ఉంటుంది. పండగకి పోలయ్య బాబాయ్ చుట్టిన సీరియల్ లైట్ల మధ్య పెళ్లికూతురిలా మెరిసిపోతోంది.

"అయ్యా, గడియారం తప్పు చూపిస్తోందండి."

పేర్రాజు గారు ఫైలు మూశారు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. తప్పు అన్న మాటని నేను ఆ గదిలోకి చెప్పులతో తీసుకొచ్చినట్టు చూశారు.

"ఏవయ్యా తాతాజీ, తప్పు చెయ్యాలంటే ముందు ఏముండాలి?"

"ఏముండాలండి?"

"బుర్ర. బుర్ర ఉన్నవాడే తప్పు చేస్తాడు. గడియారానికి బుర్ర లేదు. వచ్చింది వచ్చినట్టు చూపిస్తుంది. కాబట్టి తప్పు నీదో, నూకరత్నానిదో, సముద్రానిదో అవ్వాలి. మీ ముగ్గురూ కూచుని తేల్చుకోండి."

"సముద్రం పిలిస్తే రాదు కదండీ. నోటీసు పంపుదామా?"

"పంపాం."

వెటకారం ఆడబోయి నేనే దెబ్బ తిన్నాను. బయటికెళ్లి చూస్తే నిజంగానే గట్టు మీద రాయికి అంటించి ఉంది: "ఇకపై వేళ పాటించవలసిందిగా కోరడమైనది." మధ్యాహ్నానికి ఓ కెరటం వచ్చి దాన్ని స్వీకరించింది.

నాకు మండేది ఎక్కడంటే, ఈ ఊళ్లో ఎవరికీ ఇది వింతగా లేదు. మా వీధిలో ఏ ఇంటి గడియారం వేళ ఆ ఇంటిదే. పక్కింటికి వెళ్తే పావుగంట వయసు తగ్గుతుంది, ఎదురింటికి వెళ్తే అరగంట పెరుగుతుంది. అంతా తేడాగా ఉంటే ఏం చెయ్యాలి? తేడా ఎందుకొచ్చిందో చూడాలి. మావాళ్లు ఏం చేశారు? అన్నిట్లోకీ ఏది పెద్దదో దాన్ని నమ్మారు. సైజు చూసి నమ్మాలంటే తిమింగలాన్ని హెడ్మాస్టర్‌ని చెయ్యొచ్చుగా!

పండగ తర్వాత ఎనిమిదో రోజు

సమయం: నా బల్ల గడియారం ప్రకారం తొమ్మిది, పెద్దగడియారం ప్రకారం తొమ్మిదీ ఇరవై. పెద్దలు ముందుండాలి కదా.

నా చదువుకి అవమానం జరిగింది కనుక పరిశోధన మొదలుపెట్టాను. గడియారాన్ని మేకు మీంచి దించకుండానే వెనక బ్యాటరీ మార్చాను, మార్పు లేదు. లోపలి యంత్రం నెమ్మదిగా నడుస్తోందా అని చూశాను, లేదు. నెమ్మదిగా నడిచేదైతే రోజూ కొంచెం కొంచెం వెనకబడాలి. ఇది ఒక రోజు నలభై నిమిషాలు ముందుంటుంది, ఒక రోజు పది, ఒక రోజు ఇరవై. ఒక రోజు బుద్ధిగా సరిగ్గానే ఉంటుంది. ఈ అంకెలు ఎక్కడో చూసినట్టున్నాయే అనుకున్నాను. చూశాను, రెండో సంవత్సరం పాఠంలో.

దీవి మీది స్తంభం నిమిషాలు ఎలా పంపుతుందంటే, కూరగాయల కొట్లో తూకపు రాళ్లు పెట్టినట్టు. నలభై రాయి ఒకటి, ఇరవై రాయి ఒకటి, పది ఒకటి, ఆ కింద ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. సెకనుకో రాయి చొప్పున వరసగా చెబుతుంది. పొడుగు దెబ్బ కొడితే ఆ రాయి తక్కెడలో వేసుకోవాలి, పొట్టి దెబ్బ కొడితే వద్దు. వేసినవన్నీ కలిపితే నిమిషం. తెల్లవారుజామున ఒక్కసారి మా పెద్దగడియారం ఈ దెబ్బలు అందుకుంటుంది. దెబ్బలు సన్నగా అందుతూ, పక్కనుంచి ఇంకేదో రొద కలిసిందనుకోండి, వద్దన్న నలభై రాయి కూడా తక్కెడలో పడుతుంది. రెండోసారి అడిగి సరిచూసుకునే అలవాటు దీనికి లేదు. చవకలో కొన్నారు. ఇక ఆ రోజంతా నలభై నిమిషాలు ముందు, ఏమాత్రం సిగ్గు లేకుండా.

మరి దెబ్బలు సన్నగా ఎందుకు అందుతున్నాయి? నా బల్ల గడియారానికి ఓ చిన్న పచ్చదీపం ఉంది, స్తంభం బాగా అందితే వెలుగుతుంది. దాన్ని చేతిలో పట్టుకుని ఆఫీసు మధ్యలో నిలబడి మెల్లగా చుట్టూ తిరిగాను. మొహం దక్షిణానికి పెడితే వెలిగింది. ఉత్తరానికి పెట్టినా వెలిగింది. తూర్పుకో పడమరకో తిప్పగానే ఆరిపోయింది. లోపల అందుకునే కడ్డీ అడ్డంగా ఉంటుంది. ఆ కడ్డీ తన పొడవంతా స్తంభానికి చూపిస్తే అందుతుంది, మొన మాత్రమే చూపిస్తే అందదు. తూర్పు గోడకి వేలాడే గడియారం దక్షిణానికి మొన చూపిస్తుంది.

సరే, వేరే గోడకి మార్చొచ్చు కదా? ఉత్తరపు గోడ నిండా మాజీ సూపరింటెండెంట్ల ఫొటోలు, గంధపు దండలతో. ఎవర్ని దించినా ఎవరో ఒకరి మనవడికి కోపం. పడమర గోడంతా కిటికీ, పైగా అదీ తప్పు దిక్కే. మిగిలింది దక్షిణపు గోడ, అది యముడిది. యముడి గోడకి గడియారం పెడితే ఆఫీసుకి ఆయుక్షీణమట. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఇదే శాస్త్రం, ప్రతి ఇంట్లోనూ తూర్పు గోడే. ఊరు ఊరంతా తమ గడియారాల చెవిలో దూది పెట్టి, వినపడట్లేదేమని సముద్రాన్ని తిడుతున్నారు.

పక్కనుంచి వచ్చే రొద సంగతి కూడా తేలింది. బల్ల గడియారాన్ని పండగ లైట్ల దగ్గరికి తీసుకెళ్లాను. పచ్చదీపం ఠక్కున ఆరిపోయింది.

"బాబాయ్, ఈ లైట్లు తీసేద్దాం," అన్నాను.

పోలయ్య బాబాయ్ చెవులు మూసుకున్నాడు. "ఆయ్, అదేం మాట బాబూ! పండగ ఎలుగు నెల్లాళ్లుండాలి. పైగా ఈ ఏడు కొత్త రకం తెప్పించాం, రంగులు మారతాయి."

"రంగులతో పాటు గంటలు కూడా మారుతున్నాయి. నీ లైట్ల రొదలో దానికేమీ అందట్లేదు."

"లైట్లకి రొదేంటి బాబూ, మైకేవన్నానా?"

"మనకి వినపడదు బాబాయ్, దానికి వినపడుతుంది."

"నీకు బొత్తిగా బత్తి లేదు," అని తేల్చేసి, నా మీద కోపంతో ఇంకో వరస లైట్లు చుట్టాడు.

పండగ తర్వాత పదకొండో రోజు

సమయం: నా బల్ల గడియారం ప్రకారం పదకొండు. పెద్దగడియారానిది రాయను. అలిగాను.

మొన్న సాయంత్రం పేర్రాజు గారు గట్టు తనిఖీకి వెళ్లారు. ఆయన అటు వెళ్లగానే లైట్ల ప్లగ్గు పీకేశాను. నిన్న తెల్లవారేసరికి పెద్దగడియారమూ నా బల్ల గడియారమూ ఒకే మాట మీదున్నాయి. తలుపు తెరుచుకుంటే నీళ్లు జానెడు కూడా కదల్లేదు. నూకరత్నం అత్త సరాసరి లోపలికొచ్చింది.

"ఏరా, ఇవాళ నీ గడియారానికి బుద్ధొచ్చిందా?"

"వచ్చింది అత్తా. ఎన్నాళ్లుంటుందో తెలియదు."

ఉండలేదు. పేర్రాజు గారు వచ్చి, ఆరిపోయిన లైట్లు చూసి, ఇంట్లో దీపం ఆర్పినవాణ్ణి చూసినట్టు నన్ను చూశారు. నేను తూకపు రాళ్లతో మొదలుపెట్టి పచ్చదీపం దాకా మొత్తం వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఆ ఓపిక చూసి మోసపోయాను.

"అంటే, మనం గౌరవించడం వల్ల గడియారం చెడిపోయిందంటావు."

"గౌరవించే పద్ధతి వల్లండి."

"ఒక్కరోజు కలిసొచ్చిందని పండగ లైట్లు ఆర్పేస్తావా? అది కాకతాళీయం. పోలయ్యా, వెయ్యి లైట్లు."

వేశాడు. ఇవాళ పొద్దున్న గడియారం మళ్లీ నలభై నిమిషాలు ముందు. తలుపు ముందే తెరుచుకుంది, నీళ్లు దూకాయి, తలుపు ముందే మూసుకుంది. నూకరత్నం అత్త సరైన వేళకి వచ్చి మూసిన తలుపు ముందు నిలబడింది. ఈసారి అరవలేదు. లాంచీ ముందు భాగంలో కూచుని, మూత తీసిన క్యాన్లలోకి చూస్తూ ఉండిపోయింది. ఆవిడ తిడితే భరించగలను గానీ ఇలా ఊరుకుంటే భరించలేను.

మూడో ఆలస్యం. ఎల్లుండి పదింటికి విచారణ.

పండగ తర్వాత పదమూడో రోజు

సమయం: ఇది కాస్త పెద్ద కథ. చెబుతాను.

విచారణ పదింటికి. జనం ఎవరింటి గడియారం ప్రకారం వాళ్లు వచ్చారు కనుక కొందరు అయిపోయిందేమోనని పరుగెత్తుకొచ్చారు, కొందరు ఇంకా చాలా సేపుందని పల్లీలు తింటూ వచ్చారు. నూకరత్నం అత్త నిజం వేళకి చాలా ముందే వచ్చింది. గోడ మీద మాత్రం అప్పటికి పది దాటింది.

"విచారణకీ ఆలస్యమే!" పేర్రాజు గారి మొహం వెలిగిపోయింది. "సరే, మూడు ఆలస్యాలు. చెప్పుకునేదేమైనా ఉందా?"

"ఉంది. నేను ఆలస్యం కాలేదు."

"అది చెప్పుకోవడం కాదమ్మా, ఎదురు చెప్పడం."

నేను ముందుకొచ్చి నా బల్ల గడియారం చూపించాను. పచ్చదీపం వెలిగించి చూపించాను, ఆర్పి చూపించాను. జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు, గారడీ అనుకుని. పేర్రాజు గారు చెయ్యెత్తారు. "అది బల్ల మీద పెట్టే రకం. ఇది గోడకి పెట్టే రకం. బల్లది వచ్చి గోడదాని మీద సాక్ష్యం ఎలా చెబుతుందయ్యా? దానికీ దీనికీ అంతస్తులో తేడా లేదూ?"

దీనికి జవాబు నా దగ్గర ఉంది, కానీ దినచర్యలో రాయదగినది కాదు.

"సరంగు చీటీ రద్దు," అన్నారాయన. "ఇలా ఇవ్వమ్మా."

నూకరత్నం అత్త బొడ్లో దోపుకున్న చీటీ మీద చెయ్యి పెట్టింది. ఇవ్వలేదు.

"ఇరవయ్యేళ్లు తెచ్చానండి పాలు. తుపానులో తెచ్చాను, కొడుకు పోయిన నెల్లోనూ తెచ్చాను. ఈ ఊళ్లో సగం మంది నా క్యాన్ల మీద పెరిగినోళ్లే. లాంచీ మీరు తీసుకుంటే తీసుకోండి. ఆలస్యం అన్న మాట మాత్రం నా నెత్తిన పెట్టకండి, నేను మొయ్యను." నా వైపు తిరిగింది. "తాతాజీ, దాన్ని ఎటు తిప్పాలన్నావురా?"

"ఉత్తరానికి గానీ దక్షిణానికి గానీ మొహం పెట్టాలి అత్తా."

ఆవిడ నడిచి తూర్పు గోడ దగ్గరికి వెళ్లింది. రెండు చేతులా గడియారాన్ని పట్టుకుని మేకు మీంచి ఎత్తేసింది. లైట్ల దండ తెగి కింద పడింది, ప్లగ్గు ఊడొచ్చింది. మోటారు తీగ పాములా వెంట ఈడ్చుకొచ్చింది. పోలయ్య బాబాయ్ కళ్లు మూసుకుని దండం పెట్టేశాడు.

"ఆగు!" పేర్రాజు గారు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచారు. "పండగనాడు తప్ప దాన్ని కదపకూడదు! కదిపితే మళ్లీ పండగ దాకా పెట్టిన చోటే ఉండాలి! అది ఆచారం!"

"అబ్బా, ఏం బరువురా బాబూ మీ దేవుడు," అంటూ నూకరత్నం అత్త చుట్టూ చూసింది. ఎదురుగా ఖాళీగా ఉన్నది ఒక్కటే. సూపరింటెండెంటు గారి కుర్చీ. వాస్తు ప్రకారం ఉత్తరం మొహంగా వేసిన కుర్చీ. గడియారాన్ని దాంట్లో కూచోబెట్టి వీపు ఆనించింది.

స్తంభం దెబ్బలు మళ్లీ అందుకోమని వెనకనున్న మీట నొక్కాను. ఎర్ర అంకెలు ఆరిపోయి గీతలు వచ్చాయి. చాలాసేపటికి, నా డిగ్రీ అబద్ధమేమో అని నాకే అనుమానం వచ్చే దాకా ఆగి, గీతలు పోయి అంకెలు వచ్చాయి. తొమ్మిదిన్నర.

మరుక్షణం బయట మోటారు గుర్రుమంది. అందరూ కిటికీ దగ్గరికి పరుగెత్తారు. పొద్దున్న తప్పువేళకి ఓసారి తెరుచుకుని మూసుకున్న తలుపు ఇప్పుడు సరైన వేళకి మళ్లీ తెరుచుకుంటోంది. బయటి నీళ్లు లోపలి నీళ్లతో కలిశాయి. కంచంలో పోసినట్టు. ఒక్క పడవ కదల్లేదు.

"చూశారా!" పేర్రాజు గారు జనం వైపు తిరిగారు. "తనంతట తానే దిద్దుకుంది. ఇలాంటి గడియారాన్నా అనుమానించారు?"

"అయితే ఇప్పుడు సరిగ్గా ఉన్నట్టేనాండి?" అని అడిగాను.

"ముమ్మాటికీ. అది ఎప్పుడు ఏది చూపిస్తే అదే వేళ."

"చిత్తం. ఇప్పుడు తొమ్మిదిన్నరండి. విచారణ పదింటికి. అంటే ఇంకా మొదలవలేదు. మొదలవని విచారణలో చీటీ ఎలా రద్దవుతుందండి?"

పల్లీలు తినేవాళ్లు నవ్వారు.

"అయితే పదింటికి వస్తాలెండి," అంది నూకరత్నం అత్త. "ఈలోగా పాలు తెచ్చేస్తాను, తలుపు తెరిచే ఉంది." చీటీ బొడ్లో సర్దుకుని వెళ్లిపోయింది. ఒడ్డుకి వెళ్లి రావడానికి మూడు గంటలు పడుతుందని ఊళ్లో చంటిపిల్లాడికి కూడా తెలుసు.

నిజం పదింటికి పేర్రాజు గారు నిలబడే పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. వాయిదా వేశారు. కూచుందామని వెనక్కి తిరిగారు. కుర్చీలో గడియారం ఉంది.

పండగ తర్వాత పదహారో రోజు

సమయం: తొమ్మిదీ పది. ఔను, ఒక్కటే. అలవాటు లేక రెండుసార్లు సరిచూసుకున్నాను.

పేర్రాజు గారు నిలబడి ఆఫీసు చేస్తున్నారు. ఫైళ్లు కిటికీ గూట్లో పెట్టుకుని ఒంగి సంతకాలు చేస్తున్నారు. టీ నిలబడే తాగుతున్నారు. వేరే కుర్చీ వేసుకోవచ్చు కదా అంటే, గడియారం సూపరింటెండెంటు స్థానంలో ఉండగా తాను దాని ఎదురుగా కూచోవడం మర్యాద కాదట.

తలుపు వేళకి తెరుచుకుంటోంది, పాలు పాలుగానే వస్తున్నాయి. కానీ నా ఒళ్లు మండుతూనే ఉంది. ఒక్కరంటే ఒక్కరు 'గడియారం తప్పు చూపించింది' అనలేదు. స్థలం మార్పుతో దానికి ఆరోగ్యం కుదుటపడిందట. నూకరత్నం అత్త పేర మూడు ఆలస్యాలూ అలాగే ఉన్నాయి, విచారణ కత్తిలా వేలాడుతూనే ఉంది. సముద్రం పేర ఆలస్యం కూడా అలాగే ఉంది. సముద్రం తరఫున మాట్లాడేవాడు ఎవడూ లేడు కనుక నేను మాట్లాడుతున్నాను: అది ఏ పాపమూ ఎరగదు.

ఇక ఊరి సంగతి. అందరూ ఇళ్లలో గడియారాలు గోడల మీంచి దించి కుర్చీల్లో కూచోబెట్టారు. దిక్కు చూసుకోలేదు, కుర్చీ చూసుకున్నారు. ఎదురింటి వాళ్లింట్లో ఉన్న ఒక్క కుర్చీలో గడియారం తూర్పుకి మొహం పెట్టి తప్పువేళ చూపిస్తోంది, వాళ్ల తాతగారు నేల మీద కూచుని దాన్ని నమ్ముతున్నారు. వెళ్లి తిప్పాను. "కాళ్లు కడుక్కుని ముట్టుకోవా?" అన్నారాయన.

పండగ తర్వాత ఇరవయ్యో రోజు

సమయం: పదిన్నర.

పేర్రాజు గారి కాళ్లు వాచాయి. పోలయ్య బాబాయ్ వేణ్నీళ్లు తెచ్చి పోస్తున్నాడు. తప్పు చేసిన మనిషే అయినా, వాచిన కాళ్లు చూస్తే జాలి వేసింది. జాలితో పాటు ఓ ఆలోచన కూడా వేసింది.

"అయ్యా, పండగ దాకా కదపకూడదన్నది సరిగ్గా ఉన్న గడియారానికండి. తప్పు చూపించిన గడియారాన్ని సూపరింటెండెంటు గారు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి మరమ్మతుకి దించొచ్చు. నియమాల్లోనే ఉంది."

"అంటే తప్పని రాయాలా?"

"ఒక్క ముక్కండి."

"అస్వస్థత అని రాస్తే?"

"అస్వస్థతకి సెలవిస్తారు గానీ మరమ్మతు చెయ్యరండి."

"తడబాటు?"

"తడబడేందుకు దానికి బుర్ర లేదని తమరే సెలవిచ్చారు."

ఆయన కుర్చీ వైపు చూశారు. గడియారం వైపు కాదు, కుర్చీ చేతుల వైపు, వీపు ఆనించే చోటు వైపు. తర్వాత కలం అడిగారు. కిటికీ గూట్లో కాగితం పెట్టుకుని, గట్టిగా నొక్కి రాశారు: "గడియారం తప్పు చూపించినది. సరంగు నూకరత్నం పేర గల మూడు ఆలస్యములు, సముద్రం పేర గల ఆలస్యములు కొట్టివేయడమైనది." సముద్రాన్ని నేను అడక్కముందే ఆయనే చేర్చారు. అది ఒప్పుకోవాలి.

గడియారాన్ని ఎత్తి దక్షిణపు గోడకి మేకు కొట్టి తగిలించాను. పోలయ్య బాబాయ్ యముడి కోసం ఓ కొబ్బరికాయ కొట్టాడు, లైట్లు మాత్రం చుట్టలేదు. పేర్రాజు గారు కుర్చీలో కూచుని కళ్లు మూసుకున్నారు. 'అమ్మా' అన్నారో, నిట్టూర్చారో సరిగ్గా చెప్పలేను.

ఉత్తర్వు పట్టుకుని రేవుకి పరుగెత్తాను. నూకరత్నం అత్త క్యాన్లు దింపుతోంది. తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుని, కాగితం తీసుకుని, పెదాలు కదుపుతూ మొదటినుంచి చివరిదాకా చదివింది. మళ్లీ చదివింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సరంగు చీటీ పక్కనే బొడ్లో దోపుకుంది. అప్పుడు కాలశాఖ కిటికీ వైపు తిరిగి, గట్టు అవతలి దాకా వినపడేలా గొంతెత్తింది.

"ఏవండోయ్ పేర్రాజు గారూ! ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇన్నాళ్లా? దీన్నండీ ఆలస్యం అంటారు!"

ఆయన కుర్చీలోంచి లేవలేదు.